కౌచ్ టు 5కె యాప్: నాకు నచ్చింది ఉరికిచ్చుడు కాదు, ఆపుడు

కుర్చీల కూసునేటోన్ని మెల్లమెల్లగ ఐదు కిలోమీటర్లు (5కె) ఉరికేటట్టు చేసే ప్లాన్ ఇది, తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు, కొంచెం ఉరుకుడు కొంచెం నడుసుడు, అంతకన్న ఎక్కువ రాయ. 1996ల జాష్ క్లార్క్ అనేటాయన వాళ్ళమ్మను ఉరికిద్దామని తయారు జేసిండు, ఇప్పుడు దాని మీద ప్లేస్టోర్ల బోలెడు యాప్‌లున్నయి, నేను వాడేది అండ్ల ఒక ఫ్రీది. నేను జెప్పేది ఆ యాప్ చెవుల కొట్టే ఒక్క గంట గురించే. మొదటి వారంల 60 సెకన్లు ఉరికినంక చెవుల టింగ్ మని కొట్టి ఇగ నడువుమంటది సూడుండ్రి, 90 సెకన్లు. అది.

అంతకుముందు షూస్ కొనుడు, హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియం పోవుడు, ఒక రౌండు గూడ కాకముందే ఆయాసం, మల్ల షూస్ మూలకు. 2021ల నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన స్టేడియం అది, తెల్లారితే స్పైక్స్ బూట్లు ఏస్కొని పిల్లలు పక్కపొంటి రయ్యిమని పోతుంటరు. మన దిక్కు కల్లెడ పిల్ల జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్లు 56 సెకన్ల లోపలే కొట్టి కంచు మెడల్ తెచ్చె, నేనేమో గదే దూరంల సగం కాకముందే నడుము పట్టుకొని నిలబడేటోన్ని. నిలబడ్డప్పుడే తెల్సినోళ్ళు ఎవరో ఒకరు తలుగుతరు, "ఏందన్నా, షుగర్ గిట్ల వచ్చిందా?" అని. కాళ్ళ నొప్పి కంటే ఆ మాటకే రేపు పోబుద్ధి కాదు. గంట వచ్చినంక నేను ఆగుతలేను, యాప్ ఆపుతుంది, చెవుల ఇయర్‌ఫోన్ కనబడ్తనే ఉంటది, ఎవ్వరు అడగరు, అడిగినా ప్రోగ్రాం గట్లనే ఉంది అంటే అయిపాయె. నవ్వుతరేమో గని నాకు సగం బరువు దిగింది అక్కడ్నే.

ఇంత పొగిడిన గంటను ఐదో వారంల వాళ్ళే గుంజుకుంటరు. మొదటి రోజు ఐదైదు నిమిషాలు మూడు సార్లు, రెండో రోజు ఎనిమిది, మధ్యల ఐదు నిమిషాల నడక, మల్ల ఎనిమిది. బానే ఉంది. మూడో రోజు తెరిస్తే ఏకంగా 20 నిమిషాలు, మధ్యల గంట లేదు. నేను ఆ పేజీ మూసి రెండో రోజుదే మల్ల పెట్టుకున్న. తర్వాత వాన వడ్డది, పరకాలల పెండ్లి వచ్చింది, పిక్కలు గుంజుతున్నయి అనిపిచ్చింది, గల్లీల కుక్కలు ఎక్కువైనయి అనిపిచ్చింది, రెండో రోజుదే నడుస్తుంది. కాళ్ళకు వచ్చిన ఇబ్బంది ఏం లేదు, ఆ 20 అంకె సూస్తేనే రాత్రి నిద్ర వట్టకపోయేది.

ఆఖరికి ఒక పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద మొదలువెట్టిన. భయానికి ఎంత స్లోగా పోతున్న అంటే, నడకకు వచ్చిన ఒక పెద్దాయన చేతులు ఊపుకుంట వచ్చి నా పక్కన కలిసిండు, కలిసి అట్లనే పక్కపొంటి వస్తనే ఉన్నడు.

"ఏ ఊరు బిడ్డా?"

"పరకాల... దిక్కు సార్."

"ఉరుకుతున్నవా, నడుస్తున్నవా? నాకంటే ముందుకైతే పోతలేవు."

మస్తు సిగ్గయింది, స్పీడ్ పెంచుదామనుకున్న, పెంచితే ఆగిపోత అని పెంచలే. ఆయన వదుల్తలేడు, ఎవలింట్ల అంటడు, ఏం జేస్తవంటడు, పిల్లలెంతమంది అంటడు. ముందు ఒక్కొక్క ముక్కల చెప్పిన, కొంచెం సేపటికి మొత్తం మాటే వస్తుంది నోట్ల నుంచి, నేనే ఎదురు మీరేం జేసేది సార్ అని అడిగిన. రైల్వేనట, కాజీపేట లోకోషెడ్ల మొదలువెట్టి ట్రాన్స్‌ఫర్లన్ని వరుసవెట్టి చెప్పుకొచ్చిండు, ఆయన బల్లార్షాల ఉండంగ నా చెవుల టింగ్ మన్నది. 20 అయిపోయినయి.

ఆయాసం ఎందుకొచ్చేదో నాకు ఆ రోజు సమజైంది, చేతకాకనో వయసుకో కాదు, స్పీడుకు. మాట్లాడుకుంట పోగలిగే స్పీడే మనకు సరైనది అని ఉరికేటోళ్ళందరికి తెల్సిన ముచ్చటేనట, టాక్ టెస్ట్ అంటరు, నా యాప్‌ల మాత్రం ఎక్కడా చెప్పలే. ముక్కలు ముక్కలుగ మాటొస్తే ఎక్కువ పోతున్నట్టు, అంతే లెక్క.

ఇగ గంట గొప్పదే గని కొన్ని ఉన్నయి. ఫోన్ల బ్యాటరీ సేవర్ ఆన్ ఉంటే స్క్రీన్ ఆగినంక యాప్ కూడా చప్పుడు చెయ్యకుంట సచ్చిపోతది, సెట్టింగ్స్‌ల దానికి పర్మిషన్ ఇయ్యాలె. పేరుకు 5కె గని యాప్ లెక్కవెట్టేది టైమే, ఆఖరి వారం 30 నిమిషాలల్ల నాది నాలుగు కిలోమీటర్లు దాటలే. సిమెంటు రోడ్డు మీద చేసినప్పుడు ముందటి కాలెముక లోపలి దిక్కు నొప్పి లేచింది, షిన్ స్ప్లింట్స్ అన్నరు, వారం ఆపి మట్టి మీదికి మారితే తగ్గింది, అది యాప్‌కు తెల్వదు. మన ఏప్రిల్, మే ఎండలు అంతకన్న తెల్వదు, ఐదింటికే లేవాలె.

పెద్ద చిక్కు తొమ్మిదో వారం అయినంక. కంగ్రాచులేషన్స్ అని ఒక బొమ్మ వస్తది, గంట ఉండదు, రేపేం చెయ్యాల్నో ఉండదు, నేను ఆ వానకాలం మొత్తం ఇంట్లనే. పాసైన పిలగాడు మల్ల పాత క్లాసుల కూసున్నట్టు ఇప్పుడు నాలుగో వారంది పెట్టుకొని ఉరుకుతున్న, మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు, మధ్యల నడక. బానే నడుస్తుంది.

మరి పెట్టుకోవచ్చా అంటే, నాకు కట్ట దగ్గర, ఆఫీసు పదింటికి, మోకాళ్ళ బాధ లేదు, అందుకే కుదిరిందేమో. నైట్ షిఫ్టులోళ్ళకు ఎట్లుంటదో చెప్పలేను. బీపీ, గుండె ముచ్చట ఉన్నోళ్ళు డాక్టర్‌ను అడిగినంకనే. పైసలు కట్టే వెర్షన్ అయితే నాకు అక్కర వడలే, గంట ఫ్రీ దాంట్లనే ఉంది.