ఆరేళ్లుగా లాండ్‌శాట్‌తో బెంగళూరు వేడి చూస్తున్నాను: ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు

2019 ఎండాకాలంలో మొదలుపెట్టాను. కేఆర్ పురంలో మేముండేది పై అంతస్తు, నెత్తిన డాబానే. రాత్రి పదకొండింటికి కూడా గోడకి చెయ్యి ఆనిస్తే వేడి తెలిసేది. మా ఏరియా ఎందుకింత కాలుతోందో చూద్దామని అమెరికా ఉపగ్రహం లాండ్‌శాట్ 8 తీసిన చిత్రాలు దించుకున్నాను. 2008 నుంచి లాండ్‌శాట్ డేటా అంతా అందరికీ ఉచితమే.

మొదట్లో థర్మల్ బ్యాండ్ (నేల నుంచి వచ్చే వేడి కిరణాల కొలత) నుంచి లెక్కంతా మనమే కట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు కలెక్షన్ 2 అనే కొత్త విడత డేటాలో నేల ఉష్ణోగ్రత తయారుగా దొరుకుతుంది. ఫైల్‌లోని అంకెను 0.00341802తో గుణించి 149 కలపాలి, అందులోంచి 273.15 తీసేస్తే సెల్సియస్. ఈ భాగం నిజంగా హాయి.

కొత్తగా వాడేవాళ్లు ముందు పట్టించుకోవాల్సింది పిక్సెల్ సైజు, అంటే చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద ఎంత మేర కప్పుతుందో. ఫైల్ 30 మీటర్లని చూపిస్తుంది, కానీ థర్మల్ సెన్సర్ అసలు కొలిచేది 100 మీటర్ల చదరాన్ని. అంటే ఒక్కో కొలత దాదాపు రెండున్నర ఎకరాల సగటు. మీ డాబా, పక్కవాళ్ల డాబా, మధ్యలో వేపచెట్టు అన్నీ అందులో కలిసిపోతాయి. ఒక్క ఇంటి గురించి దీన్ని అడగొద్దు.

ఒకే రోజు రెండు చోట్లను పోల్చడానికి మాత్రం ఇంత మంచిది నాకు ఇంకోటి దొరకలేదు. లాల్‌బాగ్ తోట, జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం), ఐఐఎస్సీ (సైన్స్ విద్యాసంస్థ) ఆవరణల చెట్లు మ్యాప్ మీద చల్లటి మచ్చల్లా తేలతాయి. అయితే మార్చి చిత్రం మొదటిసారి చూసి కంగారుపడ్డాను. హొస్కోటె అవతల కోసేసిన రాగి చేలు నగరం నడిబొడ్డు కన్నా ఎర్రగా, అంటే ఎక్కువ వేడిగా, ఉన్నాయి. తప్పు చేశాననుకుని లెక్క రెండుసార్లు సరిచూశాను. తప్పేమీ లేదు. ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది ఉదయం 10:40 ప్రాంతంలో. అప్పటికే ఎండిన మట్టి గబగబా వేడెక్కిపోయి ఉంటుంది, కాంక్రీటు ఇంకా మెల్లగా వేడిని లోపలికి తాగుతుంటుంది. అదే వేడిని రాత్రికి మన మీదికి వదులుతుంది. అది చూడాలంటే అర్ధరాత్రి దాటాక వెళ్లే ఆక్వా అనే ఇంకో ఉపగ్రహంలోని మోడిస్ సెన్సర్ కావాలి. దాని పిక్సెల్ కిలోమీటరు, అయినా అందులో చేలు చల్లబడి, ఊరు వేడిగా మిగులుతుంది. పగటి మ్యాప్ ఒక్కటే చూసి 'సిటీ చల్లగానే ఉంది' అని ఎవరైనా అంటే నాకు బాధగా ఉంటుంది. నిద్ర పట్టనిది రాత్రిళ్లు కదా.

మబ్బుల సంగతి. లాండ్‌శాట్ 8, 9 కలిపి ఎనిమిది రోజులకోసారి వస్తాయి కానీ జూన్ నుంచి అక్టోబర్ దాకా పనికొచ్చే చిత్రం దొరకడం అదృష్టమే. మబ్బు అంచు పిక్సెళ్లు నేలని లేనిపోని చల్లదనంతో చూపిస్తాయి. అది తెలియక ఒక లేఅవుట్ చల్లగా ఉందని మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో చూపించాను, తర్వాత సరిదిద్దుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మబ్బుల మాస్క్‌ని (మబ్బున్న పిక్సెళ్లను తీసేసే గుర్తుల్ని) నాలుగైదు పిక్సెళ్లు పెంచి మరీ కోసేస్తున్నాను.

అన్నిటికన్నా నన్ను కుదిపింది రేకుల విషయం. పీణ్య పారిశ్రామికవాడలో గోడౌన్ల కప్పులు కొన్ని మ్యాప్‌లో చల్లగా కనిపిస్తాయి. మెరిసే జింకు రేకు తన వేడిని తక్కువగా బయటికి పంపి, పైనున్న చల్లటి ఆకాశాన్ని ఎక్కువగా ప్రతిఫలిస్తుంది. ఆ పంపే గుణాన్నే ఎమిసివిటీ అంటారు. తయారుగా వచ్చే లెక్కలో దానికి ఆధారం 2000 నుంచి 2008 మధ్య ఆస్టర్ అనే ఇంకో ఉపగ్రహ సెన్సర్ తీసిన కొలతలు. పచ్చదనం మారితే సవరణ ఉంది, ఆ తర్వాత చేను మీద గోడౌన్ లేస్తే ఆ సంగతి దానికి సరిగా తెలియదు.

కళ్లారా చూద్దామని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పట్టుకుని, ఉపగ్రహం వచ్చే రోజు హొస్కోటె రోడ్డు పక్కన కూలీల షెడ్ల దగ్గరికి వెళ్లాను. "రేకుకి జ్వరం చూస్తాండావా అక్కా?" అని ఒక పిల్లాడు అడిగాడు. వాళ్లది కదిరి పక్కన పల్లె. కొత్త రేకు మీద ఆ థర్మామీటర్ గన్ పెడితే నీడలో ఉన్నట్టు చూపించింది, ఎందుకంటే దానికీ అదే జబ్బు. అదే రేకు మీద, తన వేడిని బాగా బయటికి పంపే నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అతికించి, కాసేపాగి టేప్ మీద కొలిస్తే ఇరవై డిగ్రీలకు పైగా తేడా. తుప్పు పట్టిన రేకు మీద తేడా చాలా తగ్గింది. "పగలు లోపల ఉండలేమక్కా, పిల్లోణ్ణి చెట్టు కింద పండబెడతా" అంది వాళ్లమ్మ. ఆ షెడ్లున్న పిక్సెల్ మ్యాప్‌లో పసుపు రంగులో, పక్క ఖాళీ స్థలం కన్నా చల్లగా ఉంది.

అప్పటినుంచి నా మ్యాపుల్లో రేకుల కప్పులున్న చోట్లకు గీతలు కొట్టి, 'ఇక్కడ నేల మీద కొలవాలి' అని రాస్తున్నాను. పోయిన ఏప్రిల్‌లో మళ్లీ వెళ్తే ఆ షెడ్ల మీద తడి గోనెసంచులు పరిచి ఉన్నాయి. గోనె మీద టేప్ అక్కర్లేదు, గన్ నేరుగా సరిగ్గానే చూపిస్తుంది. సంచి కింద రేకు మీద అతికించిన టేప్‌ని కూడా కొలిచాను, చెయ్యి పెట్టి ఉంచగలిగేంతే ఉంది.