యాంట్‌కాంక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఐదేళ్లు: నా పీహెచ్‌డీ ఇంగ్లీష్‌కి ఏం పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదు

మాది నెల్లూరు జిల్లా విడవలూరు పక్క పల్లె, ఇంటి చుట్టూ రొయ్యల చెరువులే. నాయన 2012 నుంచి వన్నామీ రకం రొయ్య వేస్తా ఉన్నాడు. నేను జువాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా, టాపిక్ కూడా అదే, వన్నామీ చెరువుల్లో అమ్మోనియా. పదో తరగతి దాకా తెలుగు మీడియం. సబ్జెక్ట్‌లో ఎప్పుడూ భయపడలేదు గానీ 2020లో మొదటి పేపర్ పంపితే రిజెక్ట్ అయి వెనక్కి వచ్చింది, సైన్స్ గురించి రెండు లైన్లు, మిగతా అంతా నా ఇంగ్లీష్ గురించే, నేటివ్ స్పీకర్‌కి చూపించుకోమని. నెల్లూరులో నాకు నేటివ్ స్పీకర్ ఎక్కడ దొరుకుతాడండీ? ఆ రోజు అన్నం సయించలేదు.

తర్వాత తెలిసినవాళ్లు చెప్పారని పేజీకి ఇంత అని డబ్బులిచ్చి ఒకరితో దిద్దించా. ఆయన ఏదో మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి ఇచ్చినట్టున్నారు, నా 'స్టాకింగ్ డెన్సిటీ' కాస్తా 'స్టోరేజ్ థిక్‌నెస్' అయి కూర్చుంది. చదరపు మీటరుకి ఎన్ని పిల్లలు వదిలామో చెప్పే మాట అది, దాన్ని మారిస్తే రొయ్యల గురించి తెలిసినవాడు ఎవడూ ముందుకి చదవడు. డబ్బులు పోయాయి, నెల పోయింది.

లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉన్నప్పుడు యాంట్‌కాంక్ దొరికింది. జపాన్‌లో వసేడా యూనివర్సిటీ ప్రొఫెసర్ లారెన్స్ ఆంథొనీ చేసిన సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఫ్రీ, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిట్లో నడుస్తుంది, ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు. ముందే చెప్తున్నా, ఇది మీ తప్పులు దిద్దదు, ఎర్ర గీతలు పెట్టదు. మీరు కొన్ని ఫైళ్లు ఇవ్వాలి, ఒక మాట కొట్టాలి, ఆ మాట ఆ ఫైళ్లన్నిట్లో ఎక్కడెక్కడ ఉందో వరసగా లైన్లు చూపిస్తుంది, మాట మధ్యలో, దాని ముందు వెనకల మాటలు అటూ ఇటూ. అంతే. నాకు కావాల్సింది కూడా అదే అని చేతిలో పెట్టుకున్నాకే తెలిసింది.

నా సబ్జెక్ట్‌లో మంచి జర్నల్స్‌లో వచ్చిన అరవై పేపర్లు తీసుకున్నా. ఆయనే చేసిన యాంట్‌ఫైల్‌కన్వర్టర్ అని ఇంకో ఫ్రీ టూల్ ఉంది, పీడీఎఫ్‌ని మామూలు టెక్స్ట్ చేస్తుంది. ఇక్కడ ఓపిక కావాలి. రెండు కాలమ్‌ల పేపర్లలో కొన్నిసార్లు లైన్లు కలిసిపోతాయి, లైను చివర విరిగిన మాటలు అట్లాగే ముక్కలుగా వస్తాయి, పాత స్కాన్ పేపర్ అయితే లోపల అక్షరమే ఉండదు. రెఫరెన్సుల లిస్టు కూడా తీసేయాలి, లేకపోతే మనం వెతికే మాటలన్నీ వేరేవాళ్ల టైటిళ్లలోనే దొరుకుతాయి. నాకు వారం పట్టింది, కరెంటు పోయినప్పుడల్లా లేచి చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగకుండా జనరేటర్ వేసొచ్చి మళ్లీ కూర్చునేదాన్ని.

మొదట వెతికింది 'సెలినిటీ', అంటే నీళ్లలో ఉప్పదనం. మన తెలుగులో 'ది', 'ఎ' లాంటివి లేవు కదా, ఎక్కడ పెట్టాలో నాకు పదిహేనేళ్ల నుంచీ సందేహమే, గ్రామర్ పుస్తకాలు చదివినా రాలేదు. లైన్లు వరసగా చూస్తే, ఉత్త సెలినిటీ గురించి మాట్లాడేటప్పుడు ముందు ఏమీ లేదు, వెనక 'ఆఫ్' వచ్చి ఫలానా చెరువు నీళ్లది అన్నప్పుడు మాత్రం ముందు 'ది' వచ్చింది. ఇరవై నిమిషాల్లో అర్థమైపోయింది. 'రీసెర్చెస్' అని వెతికితే దాదాపు లేదు, అందరూ 'స్టడీస్' అనే రాస్తున్నారు. 'డిస్కస్' పక్కన 'అబౌట్' ఒక్క చోటా లేదు, నేను ప్రతి పేపర్‌లో రాసేదాన్ని, మా లెక్చరర్లు కూడా అట్లాగే అంటారు. 'సిగ్నిఫికెంట్' అనే మాట నేను 'చాలా ముఖ్యం' అనే అర్థంలో వాడేదాన్ని, పేపర్లలో అది స్టాటిస్టిక్స్‌లో తేలిన తేడాకే వాడతారు, పక్కనే ఆ తేడా ఊరికే వచ్చింది కాదని చూపించే అంకె, పీ వాల్యూ, ఉంటుంది. ఇవన్నీ చిన్నవే గానీ ఒక్కో పేజీలో పదేసి ఉంటే చదివేవాడికి మన పని మీదే నమ్మకం పోతుంది.

ఇంకోటి, 'నేను', 'మేము' అని రాయకూడదు, అంతా 'చేయబడింది' పద్ధతిలోనే ఉండాలి అని మాకు చెప్పి చెప్పి ఉంచారు. 'వి' (మేము) అని వెతికితే ఇంట్రడక్షన్ చివర్లో, డిస్కషన్‌లో బోలెడు, మెథడ్స్‌లోనే తక్కువ. గైడ్ గారికి ఆ లైన్లు ప్రింట్ తీసి చూపించా, సార్ ఒక్క నిమిషం చూసి "సరే రాయమ్మా" అన్నారు.

కానీ నాకు నిజంగా మేలు చేసింది ప్లాట్ అనే ట్యాబ్. వెతికిన మాట ప్రతి ఫైల్లో ఎక్కడెక్కడ పడిందో గీతలుగా చూపిస్తుంది. నేను 'కావచ్చు' అనే అర్థంలో వచ్చే 'మే' అని కొట్టా, గీతలన్నీ ఫైలు చివరి భాగంలో గుంపుగా పడ్డాయి, అంటే డిస్కషన్‌లో. మొదట్లో కూడా కొన్ని పడితే ఏందబ్బా అని చూశా, అవి శాంపిల్స్ తీసిన మే నెల! పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూసే కేస్ బాక్స్ టిక్ పెట్టి చిన్న అక్షరాల్లో కొడితే అవి పోతాయి. ఆ తర్వాత 'ప్రూవ్' అని వెతికా, రిజల్ట్ గురించి ఆ మాట అనేవాళ్లే లేరు, అందరూ 'సజెస్ట్' అంటున్నారు. నేనేమో మూడు చెరువుల్లో ఒక సీజన్ డేటాతో, అమ్మోనియా వల్లే రొయ్యలు చనిపోయాయని రుజువైంది అని రాసి పంపా.

అప్పుడు మా నాయన మాట గుర్తొచ్చింది. పొద్దున్నే చెరువులో మేత, రొయ్యలు ఎట్లున్నాయో చూసుకునే చెక్ ట్రే ఎత్తి చూసి "అమ్మోనియా కొట్టినట్టుండాది అమ్మాయ్, ఏరేటరు ఇంకోటి ఎయ్యాల" అంటాడు. కొట్టింది అనడు, కొట్టినట్టుండాది అంటాడు. ఎంత తెలుసో అంతే చెప్పడం మనకి పుట్టుకతో వచ్చిన మాటే, ఇంగ్లీష్ అనేసరికి గట్టిగా చెప్తేనే చదువుకున్నట్టు అనుకున్నా. 'మే', 'సజెస్ట్', 'ఇట్ ఈజ్ లైక్లీ దట్' ఇవన్నీ ఆ 'నట్టుండాది'కి ఇంగ్లీష్ రూపాలే. ఇది తెలిశాక డిస్కషన్ చాప్టర్ మొత్తం మళ్లీ రాశా, రెండో జర్నల్‌లో లాంగ్వేజ్ గురించి ఒక్క కామెంట్ రాలేదు, సైన్స్ మీద పదకొండు ప్రశ్నలు వచ్చాయి, ఎంత సంతోషపడ్డానో.

చాలామంది జూనియర్లు అడిగేది, ఇట్లా చూసి రాస్తే కాపీ కాదా అని. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ కాపీ గురించి తెచ్చిన 2018 రెగ్యులేషన్స్ చదవండి, సిమిలారిటీ, అంటే వేరేవాళ్ల రాతతో కలిసిన భాగం, 10 శాతం దాకా పెనాల్టీ లేదు, మామూలుగా అందరూ వాడే మాటలు వరసగా 14 దాకా కలిసినా దాన్ని లెక్కలోకి తీసుకోరు. 'నీటి శాంపిల్స్ ఫలానా చెరువు నుంచి సేకరించారు' అనే వాక్యం ఎవరి సొత్తూ కాదు. వేరేవాళ్ల ఆలోచన, వాళ్ల రిజల్టు, వాళ్లు సొంతంగా రాసిన వాక్యాలు ఎత్తుకుంటే దొంగతనం.

లోపాలు కూడా చెప్పాలి. మనం ఏ పేపర్లు పెడితే అదే మనకి దొరికే ఇంగ్లీష్, చెత్త పేపర్లు పెడితే చెత్తే నేర్చుకుంటాం. అరవై పేపర్లలో ఒక మాట మూడుసార్లే కనపడితే దాన్ని రూల్ అనుకోకూడదు, నేను అనుకుని ఒకసారి దెబ్బతిన్నా. పెద్ద పేరాని ఎట్లా కట్టాలి, ఆలోచన ఎట్లా సాగాలి అనేది ఇది నేర్పదు, అది పేపర్ మొత్తం కూర్చుని చదివితేనే వస్తుంది. 3.5 నుంచి 4 వెర్షన్‌కి మారినప్పుడు స్క్రీన్ అంతా మారిపోయి రెండు రోజులు తికమకపడ్డా, ఇప్పుడు మెనూలో క్విక్ కార్పస్ అని ఉండే దాంతో ఫైళ్లు తెరుస్తా, అలవాటైంది. ఇప్పుడు చాట్‌బాట్‌లు వచ్చాయి కదా ఇదెందుకు అంటారు, నేనూ వాడి చూశా, వాక్యం నున్నగా వస్తుంది గానీ నేను పెట్టిన 'సజెస్ట్' తీసేసి 'డెమాన్‌స్ట్రేట్', అంటే తేల్చి చూపించాం అనే మాట, పెట్టింది. థీసిస్ మీద ఎదురుగా ప్రశ్నలడిగే వైవాలో ఆ మాటకి జవాబు చెప్పాల్సింది నేను.

కందుకూరు నుంచి ఒకమ్మాయి ఎకనామిక్స్‌లో పొగాకు రైతుల మీద చేస్తా ఉంది, నీ ఫైళ్లు ఇవ్వక్కా అని అడిగింది. రొయ్యల పేపర్లు నీకెందుకు, నీవి నువ్వే పోగేసుకో అని ఎట్లా చేయాలో మాత్రం చెప్పా. పొగాకుని వేడితో ఆరబెట్టే (మనం ఆకు కాల్చడం అంటాం, ఇంగ్లీష్‌లో 'క్యూరింగ్') బ్యారన్‌ని ఆ పిల్ల ఇన్నాళ్లూ 'డ్రైయింగ్ హౌస్' అని రాస్తా ఉంది, బ్యారన్ మన పల్లెటూరి మాట కదా అని. మొన్న రాత్రి పది దాటాక ఫోన్ చేసింది, "అక్కా, 'క్యూరింగ్' కొడితే పక్కన 'బార్న్' వస్తా ఉంది, అన్ని పేపర్లలో అదే. మన బ్యారనే అక్కా!"