స్మోక్ డిటెక్టర్ పైపుల మెయింటెనెన్స్: ఏఎంసీ మేలా, మన ఎలక్ట్రీషియనే మేలా?

భీమవరం, నరసాపురం వైపు రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్లు తరచూ అడిగేది ఇదే. గదిలోని గాలిని రంధ్రాలున్న పైపుల్లోంచి పీల్చి, లోపలి లేజర్‌తో పొగ ఉందా అని చూసే స్మోక్ డిటెక్టర్ పెట్టించాం, వారంటీ అయిపోయింది, ఏఎంసీకి (కంపెనీతో ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఇవ్వాలా, మన ఎలక్ట్రీషియన్‌తోనే నడిపించుకోవచ్చా అని.

ఏఎంసీకి బలం లేకపోలేదు. లేజర్ చాంబర్ జోలికి మనం వెళ్లకూడదు, సెట్టింగుల సాఫ్ట్‌వేర్ వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, ఇన్సూరెన్సు వాళ్లు అడిగితే చూపించడానికి రిపోర్టూ ఉంటుంది. ఫిల్టరూ సరైనదే వేస్తారు. మనవాళ్లు కొందరు పాతదాన్నే దులిపి మళ్లీ పెట్టేస్తారు, అది మాత్రం వద్దు.

కానీ నా దృష్టిలో తేల్చేది పైపు రంధ్రం దగ్గర పొగ పెట్టి చూసే పరీక్ష, అది ఎంత తరచుగా జరుగుతుందన్నది. గాలి ప్రవాహంలో 20 శాతం దాకా తేడా వస్తే తప్ప ఫాల్ట్ చూపించకుండా చాలా చోట్ల సెట్ చేసి ఉంటుంది. పైపుకి 15 రంధ్రాలుంటే, ఫ్రీజర్ గదిలో ఒకటి మంచు పట్టి మూసుకుపోయినా తేడా అంత రాదు, ప్యానెల్ మీద పచ్చ లైటు అలాగే వెలుగుతుంటుంది, ఆ రంధ్రం కింద పేర్చిన సరుకుకి మాత్రం కాపలా లేనట్టే. దీన్ని పట్టుకోవాలంటే మనిషి పైకెక్కి చూడాల్సిందే. మూడు నెలలకోసారి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్లిపోవాలనుకునే ఇంజనీరు అన్ని రంధ్రాలూ ఎక్కడ చూస్తాడు!

పైగా మా దగ్గరికి వచ్చినతను ఓసారి ఫ్లో తగ్గిందని ఫాల్ట్ వస్తే పైపు విప్పకుండానే నార్మలైజ్ బటన్ నొక్కేశాడు. ఫాల్ట్ పోయింది, మురికి పోలేదు, ఆ తగ్గిన ఫ్లోనే డిటెక్టర్‌కి కొత్త లెక్క అయిపోయింది.

మన సీజన్లు కూడా కాంట్రాక్టు తేదీల ప్రకారం రావు కదా. దాళ్వా కోతల తర్వాత గడ్డి తగలబెట్టే పొగ, మిల్లుల ఊక బూడిద కలిసి బయటి గదుల ఫిల్టర్లను తొందరగా నల్లబరుస్తాయి.

అందుకే నా మొగ్గు మన ఎలక్ట్రీషియన్ వైపే, ఏడాదికోసారి మాత్రం కంపెనీ మనిషి. మన ఎలక్ట్రీషియన్ నెలకు కొన్ని రంధ్రాల చొప్పున వంతులవారీగా చూస్తాడు. ముందు జోన్ ఐసొలేట్ చేసి (ఆ భాగం అలారం మోగకుండా ఆపి), సెక్యూరిటీకి చెప్పి, రంధ్రం దగ్గర టెస్ట్ పొగ పెట్టి, డిటెక్టర్ దాన్ని పట్టేదాకా ఎన్ని సెకన్లో చూడ్డానికి స్టాప్‌వాచ్ నొక్కుతాడు. చివరి రంధ్రం దగ్గర మొదట్లో 60 సెకన్లు వచ్చింది ఇప్పుడు 95 అయితే, 120 సెకన్ల పరిమితి లోపే ఉందని వదిలేయకూడదు, పైపు ఎక్కడో మూసుకుందో, జాయింట్ ఊడిందో చూడాలి. కంప్రెసర్‌తో ఊదే ముందు పైపుని డిటెక్టర్ నుంచి విప్పాలి, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు బయటికి వదిలేయాలి. మన తేమకి ఆ నీళ్లు పైపులోకి పోతే ఫ్రీజర్‌లో గడ్డకడతాయి.

ఫోన్‌లో రీడింగ్ చూపించే రిమోట్ మానిటరింగ్ అని ఒకటి అమ్ముతున్నారు. ఉంటే మంచిదే, కానీ అదీ ఆ పచ్చ లైటునే చూపిస్తుంది.

ఏఎంసీయే కావాలనుకుంటే, మొదటిరోజు టెస్ట్ రీడింగుల కాగితం మీ దగ్గరే ఉంచుకోండి, మీ మనిషి పక్కన లేకుండా నార్మలైజ్ చేయకూడదని కాంట్రాక్టులోనే రాయించుకోండి.