జోగ్‌జా వెళ్తున్నారా? ‘ఇవాళ ప్యాలెస్ మూసేశారు’ అనే పెద్దమనిషితో జాగ్రత్త

సూటిగా విషయానికొస్తాను. ఇండోనేషియాలో, జావా దీవి మీదున్న యోగ్యకర్తలో (అక్కడివాళ్ళు ముద్దుగా జోగ్‌జా అంటారు) సుల్తాన్ గారి ప్యాలెస్ ముందు మీరు నిలబడి ఉంటే, ఎవరో ఒకాయన వచ్చి ‘ఇవాళ మూసేశారు’ అంటాడు. ఆ మాట వెనకాలే బాతిక్ (మైనం పెట్టి రంగు ముంచే అక్కడి అద్దకం) ఎగ్జిబిషన్ ఊసు గనక ఎత్తితే, ఒక దండం పెట్టి అక్కణ్ణుంచి కదలండి. మేం కదల్లేదు. 25 లక్షల రుపియాలు వదిలాయి. మన డబ్బులో పదమూడున్నర వేల చిల్లర. డబ్బు సంగతి అలా ఉంచితే, ఏ ప్యాలెస్ కోసం అంత దూరం వెళ్ళామో అది చూడకుండానే తిరిగొచ్చాం. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

వెళ్ళింది ముగ్గురం. నేను, మావారు, మా అమ్మ. శనివారం ప్రంబనన్ గుళ్ళకి వెళ్ళాం. 47 మీటర్ల శివాలయం, గోడల చుట్టూ రామాయణం. అమ్మ ఒక్కో రాయి దగ్గరా ఆగి ‘ఇది వాలిసుగ్రీవుల కొట్లాటే’ అంటూ గైడు అక్కర్లేకుండా చదివేసింది. ఆ మెట్లకి మోకాళ్ళు పట్టేసి ఆదివారం హోటల్లోనే ఉండిపోయింది. మా నష్టానికి అసలు కారణం ఆవిడ మోకాళ్ళేనని మావారి వాదన. ఎందుకో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

ఆదివారం పొద్దున పదకొండు కావస్తోంది. మలియోబోరో వీధి నుంచి దక్షిణంగా వస్తే పెద్ద మైదానం తగులుతుంది. అలున్-అలున్ అంటారు. దాని అవతలి అంచున పగెలరాన్ అనే పెద్ద మండపం. క్యాబ్ మమ్మల్ని అక్కడే దింపింది. ఎదురుగా గేటు మూసి ఉంది. ఇక్కడే ఉంది మెలిక. సుల్తాన్ కుటుంబం ఉండే లోపలి ప్యాలెస్‌కి, అంటే అసలు క్రటాన్‌కి, సందర్శకులు వెళ్ళే దారి ఇటువైపు కాదు. పడమటి పక్కగా చుట్టి వెళ్ళాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది తెలీదు. ఆయనకి మాత్రం బాగా తెలుసు.

యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన బాతిక్ చొక్కా, మెడలో ఏదో ఐడీ కార్డు. ‘ఇండియా? అర్జున! బీమా!’ అంటూ రెండు చేతులూ జోడించాడు. పరాయి దేశంలో, అదీ మసీదుల ఊళ్ళో, ఒక ముస్లిం పెద్దాయన నోట పాండవుల పేర్లు వింటే మనసు కరక్కుండా ఎలా ఉంటుంది? రాజుగారింట్లో ఏదో వేడుక ఉందనీ, ఇవాళ్టికి మూసేశారనీ, రేపు రమ్మనీ చెప్పాడు. రేపు సోమవారం. క్రటాన్‌కి సోమవారం సెలవు.

బాతిక్ సంగతి వెంటనే ఎత్తలేదు సుమా. ఐదు నిమిషాలు చరిత్ర చెప్పాడు. 1755లో గియాంతి ఒప్పందంతో మాతరం రాజ్యం రెండుగా చీలిందనీ, ఒక ముక్క సురకర్తకీ ఇంకో ముక్క ఇక్కడి మొదటి సుల్తాన్ హమెంకుబువోనో చేతికీ వచ్చాయనీ, ఇప్పుడున్న పదో ఆయనే ఈ ప్రాంతానికి గవర్నర్ కూడా అనీ. తర్వాత చూసుకున్నాను, అన్నీ నిజాలే. ఒక్క అబద్ధాన్ని నాలుగు నిజాల మధ్య పెట్టి చుట్టి ఇచ్చాడు, కిళ్ళీలో వక్కలాగ.

ఆఖర్న, వెళ్ళబోతూ గుర్తొచ్చినట్టుగా, తమ ఆర్ట్ స్కూల్ పిల్లల బాతిక్ ప్రదర్శన దగ్గర్లోనే ఉందన్నాడు. ఇవాళే ఆఖరి రోజట. రేపు బొమ్మలన్నీ సింగపూర్ వెళ్ళిపోతాయట. ‘కొనక్కర్లేదు, ఊరికే చూడండి’ అన్నాడు. పక్కనే ఒక బెచాక్, అంటే మనం ముందు కూర్చుంటే అతను వెనకనుంచి తొక్కే రిక్షా, సిద్ధంగా ఉంది. ఇద్దరికీ కలిపి 10,000 రుపియాలట. మన 55 రూపాయలు కూడా కావు. అంత చవగ్గా ఎవరైనా ఎందుకు తొక్కుతారని అప్పుడు తట్టలేదు. అలాంటి చోట్ల రిక్షా డబ్బులు మన దగ్గర కాదు, షాపు దగ్గర వసూలవుతాయి.

రెండు గదుల ఇల్లు. గోడల నిండా బొమ్మలు. లోపలికి వెళ్ళగానే చెప్పులు విప్పించి, చాపమీద కూర్చోబెట్టి, మల్లెపూల వాసనొచ్చే తీపి టీ ఇచ్చారు. ఒక కుర్రాడు మైనం కరిగించి, చంటింగ్ అనే చిన్న రాగి కలంతో గుడ్డమీద పువ్వు గీసి చూపించాడు. నా చేతికీ ఇచ్చి గీయించాడు. నేను గీసిన వంకర పువ్వుకి అందరూ చప్పట్లు కొట్టారు. అయిపోయాం! టీ తాగాక, చప్పట్లు కొట్టించుకున్నాక, ఉత్త చేతులతో లేచొచ్చే ధైర్యం మనలో ఎంతమందికి ఉంటుందో చెప్పండి. వీళ్ళెవరూ కత్తి చూపించరు, గొంతు పెంచరు. మన మొహమాటమే వాళ్ళ పెట్టుబడి.

నా కన్ను ఒక బొమ్మ మీద పడింది. విల్లు పట్టుకున్న అర్జునుడు, పక్కన విల్లు పట్టుకున్న ఒక స్త్రీ. శ్రీకండి అట. మన శిఖండే. జావా వాళ్ళ కథలో శిఖండి ఆడమనిషి, విలువిద్యలో ఆరితేరినది, అర్జునుడి భార్య. అది వినేసరికి ఆ బొమ్మ మా ఇంటి గోడమీద ఉండాల్సిందే అనిపించింది. క్యాలిక్యులేటర్ మీద 4,000,000 కొట్టి చూపించాడు. ఇన్ని సున్నాల దేశంలో బుర్ర పనిచెయ్యదు. వాళ్ళు పది లక్షలని ‘జుతా’ అంటారు. ‘నాలుగు జుతా’ అంటే నాలుగు రూపాయల్లాగే వినబడుతుంది. క్యాలిక్యులేటర్ నా చేతికిచ్చి ‘మీ ధర మీరు కొట్టండి’ అని ఊరుకున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే 2,500,000 కొట్టాను. సంతకం పెట్టిన సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. బేరం గెలిచామనుకుని మావారు కార్డు గీకారు. బయటికొచ్చేసరికి రెండు దాటింది. క్రటాన్ నిజంగానే మూసేసే వేళ అయిపోయింది.

సాయంత్రం హోటల్లో గుడ్డ విప్పి అమ్మకి చూపించాను. మా అమ్మ పుట్టిల్లు పెడన. అద్దకం పనివాళ్ళ ఇళ్ళ మధ్య పెరిగిన మనిషి.

‘ఎంత పెట్టావే దీనికి?’

‘నువ్వు చెప్పు, ఎంతుంటుంది?’

జవాబు చెప్పలేదు. గుడ్డ తిరగేసింది. ముందువైపు ఎరుపూ గోధుమా నిండుగా ఉన్న రంగు, వెనకవైపు వెలిసిపోయిన సున్నపు గోడలా ఉంది. ‘మైనం పెట్టి రంగులో ముంచితే రెండు వైపులా దిగాలి కదే’ అంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని దీపం కిందికి తీసుకెళ్ళి, శ్రీకండి వస్త్రం అంచు మీద వేలు పెట్టింది. ఏడు చుక్కల గుత్తి. అందులో మూడోది కొంచెం పక్కకి జరిగింది. దాని పక్క గుత్తిలోనూ మూడోదే జరిగింది. అంచు పొడుగునా ప్రతి గుత్తిలోనూ మూడోదే. ‘మనిషి చెయ్యి తప్పు చేస్తుంది గానీ, ఇన్నిసార్లు ఒకే తప్పు చెయ్యదు’ అంది. ప్రింటు కొట్టి, పైన అక్కడక్కడా కుంచెతో రంగు పూసిన గుడ్డ అది. ఆవిడ మోకాళ్ళు బాగుండి మాతో వచ్చి ఉంటే ఆ టీ కూడా తాగనిచ్చేది కాదు.

సోమవారం పొద్దున్నే ముగ్గురం అక్కడికే వెళ్ళాం. ‘నిన్నే ఆఖరి రోజు’ అన్న ప్రదర్శన ఎక్కడికీ పోలేదు. మేం కొన్న అర్జునుడి చోట ఇంకో అర్జునుడు వేలాడుతున్నాడు. అదే సైజు, అదే మూడో చుక్క. నిన్నటి మనుషులు ఒక్కరూ లేరు. ఉన్నవాడికి ఇంగ్లీషు రాదు, లేదా ఆ పూటకి మర్చిపోయాడు. బ్యాంకుకి ఫోన్ చేస్తే ‘పిన్ మీరే కొట్టారు కదా మేడమ్’ అన్నారు. అదీ నిజమే.

ఆ కోపంలో బాతిక్ మీదే విరక్తి పెంచుకోకండి. అది అసలైన విద్య. 2009లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అదే రోజు ఒక నిజమైన పనిశాలకి వెళ్ళాం. ఒకావిడ పీట మీద కూర్చుని, చిన్న మూకుడులో కరిగిన మైనాన్ని చంటింగ్‌తో ముంచి, ముక్కు అడ్డుపడకుండా ప్రతిసారీ ‘ఉఫ్’ అని ఊది గీత గీస్తోంది. ఒకవైపు అయ్యాక గుడ్డ తిప్పి, అదే గీత రెండోవైపూ. రంగులో ముంచడం, మళ్ళీ మైనం, మళ్ళీ రంగు, ఆఖర్న వేడినీళ్ళలో ఉడికించి మైనం వదిలించడం. ఒక మంచి చీరెడు గుడ్డకి వారాలు, నెలలు పడుతుంది. అమ్మ ఆవిడ పక్కనే కూలబడి గంటసేపు కదల్లేదు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, మాటలు మాత్రం ఆగలేదు.

కొనేటప్పుడు అడగాల్సిన మాట ఒకటే. ఇది తులిసా, చాపా, ప్రింటా? తులిస్ అంటే చేత్తో గీసింది, మన శ్రీకాళహస్తి కలంలాగ. చాప్ అంటే రాగి అచ్చుతో మైనం అద్దింది, అచ్చు వరకు మన పెడన పద్ధతిలాంటిదే. కాకపోతే మన పెడనలో చెక్క అచ్చుతో అద్దేది రంగు, మైనం కాదు. మూడోది మిషను ప్రింటు. ప్రింటు కొనడం తప్పేం కాదు. బెరింగ్‌హార్జో బజార్లో చొక్కాలు, నైటీలు గుట్టలు గుట్టలుగా అమ్ముతారు. ప్రింటుని ప్రింటు ధరకే ఇస్తారు, బేరం కూడా కుదురుతుంది. తులిస్ చవగ్గా దొరికిందంటే అది తులిస్ కాదు. కానీ ధర ఎక్కువ చెప్పినంత మాత్రాన తులిస్ అయిపోదు. మా పాఠం ఈ రెండోది.

తమన్ సారిలోనూ ఇదే వరస. మొదటి సుల్తాన్ కట్టించిన జలక్రీడల తోట అది. కొలనులు, సొరంగాలు, నడిమధ్యలో ఐదు మెట్ల వరుసలు కలిసే గుండ్రటి నేలమాళిగ మసీదు. చూసి తీరాలి. కానీ చుట్టూ ఉన్న సందుల్లో ‘దారి చూపిస్తాను, డబ్బులొద్దు’ అంటూ వెంటపడే కుర్రాళ్ళ దారులు చాలావరకు ఏదో ఒక బొమ్మల షాపు గుమ్మంలోనే తేలతాయి. ‘తిదాక్, తెరిమ కసి’ అంటే ‘వద్దు, థాంక్స్’ అని. నవ్వుతూ అనండి, నడుస్తూ అనండి. ఆగి మాత్రం అనకండి.

క్రటాన్‌కి సోమవారం వద్దు. మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికే కట్టేస్తారు. పొద్దుటి పూట లోపల గామెలాన్ వాద్యమో, నాట్యమో, తోలుబొమ్మలాటో ఉంటుంది. ఆ మైదానం పక్కనే ఉన్న సొనొబుదోయో మ్యూజియానికి కూడా సోమవారమే సెలవు. తెరిచారా లేదా అన్నది వీధిలో ఎవరు చెప్పినా నమ్మకుండా, టికెట్ కిటికీ దాకా నడిచి మీ కళ్ళతో చూసుకోండి.

మంగళవారం తెల్లవారుజామున ఫ్లయిటు. సోమవారం మధ్యాహ్నం, కనీసం బయటి గోడైనా చూద్దామని అమ్మ పట్టుబడితే, పడమటి ద్వారం దాకా వెళ్ళాం. గళ్ళ లుంగీ కట్టుకున్న కాపలా ముసలాయన మమ్మల్ని చూసి జాలిపడి, ‘నిన్న రాకపోయారా, నాట్యం కూడా జరిగింది’ అన్నాడు.

తిరిగి మైదానం వైపు వచ్చేసరికి అక్కడే ఉన్నాడు మన పెద్దమనిషి. ఇంకో ఇస్త్రీ చొక్కా. ఎదురుగా ఎవరో తెల్లజంట. గేటు చూపించి ‘ఇవాళ మూసేశారు’ అంటున్నాడు. ఆ రోజు మాత్రం పాపం నిజమే చెబుతున్నాడు. మావారు కోపంగా ఆ జంటని హెచ్చరించడానికి అటు నడిచారు. ఆయన మమ్మల్ని గుర్తుపట్టాడు. తడబడలేదు, తప్పుకోలేదు. నావైపు తిరిగి రెండు చేతులూ జోడించి ‘అర్జున!’ అన్నాడు.

నా చేతులు వాటంతటవే లేచి తిరిగి నమస్కారం పెట్టేశాయి.