నెమలికంఠం రంగు రెప్ప మీద: మూడు పిగ్మెంట్లు, రెండేళ్ల వాడకం

"ఏమే, కన్ను కమిలిందేంటి? ఎక్కడన్నా గుద్దుకున్నావా?"

మాక్ అనే మేకప్ కంపెనీ వాళ్ల బ్లూ బ్రౌన్ పిగ్మెంట్ (రెప్పల మీద అద్దుకునే మెరుపు పొడి) మొదటిసారి వేసుకుని వీడియో కాల్ చేస్తే నెల్లూరు నుంచి అమ్మ అన్న మాట ఇది. తప్పు ఆవిడది కాదు. ఎదురుగా చూస్తే ఇటుకపొడి రంగు, తల తిప్పితే నీలం. ఫోన్లో రెండూ కలిసిపోయి దెబ్బ తగిలినట్టే ఉంది. అద్దంలో మాత్రం అచ్చం నెమలికంఠం పట్టుచీర!

రెండోది చెన్నై పాండీ బజార్లో కొన్న చవక డ్యుయోక్రోమ్, అంటే చూసే కోణాన్ని బట్టి రెండు రంగులు మారే పొడి. దుకాణంలో వేలి మీద రాసి చూపిస్తే ఆకుపచ్చగా మెరిసింది. ఇంటికొచ్చి తెల్ల ప్రైమర్ (మేకప్ కింద రాసే పూత) మీద వేస్తే బియ్యప్పిండి అద్దుకున్నట్టుంది. తిట్టుకుంటూ మూలన పడేశా. ఆర్నెల్ల తర్వాత, రెప్ప మీద చెదిరిన కాటుకను తుడిచే ఓపిక లేక దాని మీదే ఈ పొడి అద్దాను. అప్పుడు పలికింది ఆకుపచ్చ!

కారణం తర్వాత తెలిసింది. ఇవి అభ్రకం రేకులు, పైన టైటానియం డయాక్సైడ్ పూత. ఆ పూత మందాన్ని బట్టే ఏ రంగు వెలుగు తిరిగొస్తుందన్నది. వానపడ్డ రోడ్డు మీద ఆయిల్ మరక రంగులీనడం కూడా ఇలాంటిదే. కింద నలుపుంటే మిగతా వెలుగును మింగేస్తుంది, ఆ ఒక్క రంగే మిగులుతుంది. తెలుపుంటే అంతా తిరిగొచ్చి రంగు కొట్టుకుపోతుంది. బ్లూ బ్రౌన్‌కి గోధుమరంగు దాన్లోనే ఉంది కాబట్టి ఈ తంటా తక్కువ.

మూడోది ఆన్‌లైన్లో తెప్పించిన మల్టీక్రోమ్. ఎరుపు నుంచి బంగారు, అక్కణ్ణుంచి ఆకుపచ్చ. చూడ్డానికి దీన్ని మించింది లేదు. కానీ రేకులు పెద్దవి, బుగ్గల మీదకి రాలతాయి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకున్న రోజు ఒక రేకు కంట్లో పడి ఆటోలో ఏడుస్తూ ఆఫీసుకెళ్లా. పైగా పెళ్లి ఫొటోల్లో ఎదురు ఫ్లాష్ పడితే ఒక్క రంగే వస్తుంది, డబ్బు దండగ. వీడియోలో అయితే సరే.

ఏదైనా బ్రష్‌తో రాయకండి, వేలితో అద్దండి. ముందు కళ్లు, తర్వాతే ఫౌండేషన్. డబ్బా జల్లెడ మూతకి సగం చిల్లులు టేపుతో మూసేశా, పొడి ఒలకడం ఆగింది. మా రూమ్మేట్ గోళ్లకి వాడే క్రోమ్ పౌడర్ చవగ్గా వస్తుందని తెచ్చింది, అది కళ్లకి కాదని తిప్పి పంపించా.

మే నెలలో చెన్నై ఉక్కకి మూడూ ఓడిపోయాయి. మధ్యాహ్నానికల్లా రెప్ప మడతలో గీత. బ్లూ బ్రౌన్ కాస్త నయం, ముదురు రంగు కాబట్టి గీత కనబడదు. అది అయిపోతే మళ్లీ కొంటా, ఇంకా సగం కూడా తగ్గలేదనుకోండి. పాండీ బజార్ది కాటుకతో కలిపి రోజూ వాడుతున్నా. మల్టీక్రోమ్ మాత్రం చెల్లికిచ్చేస్తున్నా, దానికి లెన్సుల్లేవు.