గ్రీకు తొమ్మిది వందలు తప్పిపోని డి.టి.పి. కేంద్రం

పాతకాలపు సంఖ్యాలిపుల మీద నేను రాసుకున్న 64 పేజీల చిన్న పుస్తకాన్ని విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక డి.టి.పి. కేంద్రంలో కంపోజ్ చేయించాను. ఇలాంటి పని పెట్టుకున్నవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. శుభలేఖలకూ విజిటింగ్ కార్డులకూ అయితే ఇంత విచారణ అక్కర్లేదు.

చిక్కంతా ఒక్క అక్షరంతో వచ్చింది. ప్రాచీన గ్రీకులు అక్షరాలనే అంకెలుగా వాడేవారు. 24 అక్షరాలు చాలక, మాటల్లో వాడుక తప్పిన మరో మూడింటిని 6, 90, 900 కోసం అట్టిపెట్టుకున్నారు. అందులో 900 విలువ గలది సాంపి. మొదట నేను వెళ్లిన వేరొక షాపులో దాని బదులు లెక్కల పుస్తకాల్లోని 'పై' గుర్తును కాస్త వంచి పెట్టారు. చూపుకు దగ్గరగానే ఉంది, సాంపి అన్న పేరుకు 'పై లాంటిది' అనే అర్థమూ చెబుతారు. అయితే గ్రీకు లెక్కలో పై విలువ 80. నా పట్టికలో 900 కాస్తా 80 అయి కూర్చుంది.

ద్వారకానగర్ కేంద్రంలోని ఆపరేటరు ఆ ఫైలు తెరిచి, గుర్తును సెలెక్ట్ చేసి ఫాంటు మార్చాడు. వెంటనే అది ఇంగ్లీషు 'పీ' అయిపోయింది. "ఇది గ్రీకు అక్షరమే కాదండి మాస్టారూ, పీకి వేషం కట్టారండి" అన్నాడు. మన పాత తెలుగు ఫాంట్లూ ఇలాగే ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చుకున్నవే కనుక, ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిచి గజిబిజి చూసినవారికి ఆ మాట ఇట్టే అర్థమవుతుంది.

అన్ని భాషల లిపులకూ కలిపి తయారుచేసిన యూనికోడ్ ప్రమాణంలో అలా కాదు. ప్రతి అక్షరానికీ తనదైన సంఖ్య ఉంటుంది. చిన్న సాంపి సంఖ్య 993, పెద్ద సాంపిది 992. 993ను కంప్యూటర్లు వాడే పదహారు ఆధారపు లెక్కలో రాస్తే వచ్చే సున్నా, మూడు, ఈ, ఒకటి వర్డ్‌లో కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే చిన్న సాంపి వస్తుంది. పెద్దది ముందునుంచీ ఉన్నా, చిన్నదానికి 1999లో వచ్చిన యూనికోడ్ 3.0 సంచికలో గానీ చోటు దొరకలేదు. అయోనియా అనే ప్రాచీన గ్రీకు ప్రాంతపు శాసనాల్లోని సాంపి పాత రూపానికి మళ్లీ వేరే సంఖ్యలు ఉన్నాయి. నాకు కావలసింది అంకె రూపమా, శాసనాల రూపమా అని ఆపరేటరే అడగడం నన్ను ఆశ్చర్యపరచింది. సంఖ్య ఉన్నా ఫాంటులో ఆకారం లేకపోతే అక్షరం బదులు ఖాళీ డబ్బా కనిపిస్తుందని చెప్పి, గ్రీకు భాగానికి నోటో సెరిఫ్ అనే ఫాంటు పెట్టాడు.

పీడీఎఫ్ ఇంటికి తెచ్చుకుని, వెతుకు పెట్టెలో సాంపిని అతికించి చూశాను. తొమ్మిది చోట్ల ఉండాల్సింది ఎనిమిదింటిలోనే దొరికింది. తొమ్మిదోది పాత షాపు నుంచి బొమ్మగా వచ్చిన పట్టికలో ఉండిపోయింది. చెప్పిన రోజునే ఆ పట్టికను కొత్తగా టైపు చేసి ఇచ్చారు.

లోపం తెలుగు దగ్గర జరిగింది. వీసం, పరక వంటి మన భిన్నాల గుర్తులకు 2008లో 5.1 సంచికలో యూనికోడ్ సంఖ్యలు వచ్చాయి. సాంపి శాసన రూపానికీ అదే సంచికలో వచ్చాయి. అయినా ఈ కేంద్రంవారు ముచ్చటపడి ఎంచిన తెలుగు ఫాంటులో ఆ గుర్తులు లేక, రెండు ప్రూఫుల్లోనూ వరుసగా డబ్బాలే వచ్చాయి. గ్రీకు 900 మీద పెట్టిన శ్రద్ధలో వీసమెత్తు మన వీసం మీద పెట్టి ఉంటే ఒక వారం కలిసివచ్చేది. మూడో ప్రూఫులో ఆ పేజీలకు ఫాంటు మార్చాక సరిపోయింది.

పేజీకి 40 రూపాయలు తీసుకున్నారు. మూడో ప్రూఫుకు అదనంగా అడిగారు గానీ తప్పు వారిదేనని చూపాక వదిలేశారు. కేంద్రం రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. వెళ్లేవారు చేతిరాత ప్రతిలో అరుదైన ప్రతి గుర్తు పక్కనా దాని యూనికోడ్ సంఖ్యను ఎర్ర సిరాతో రాసుకుని వెళ్లడం మంచిది, ఆపరేటరు కూడా అదే అడుగుతాడు.