ఫైర్‌వాల్ వెనుక గాజిమ్

సందేశాలు సాఫీగా వెళ్తున్నా, పంపిన ఫైళ్లు మాత్రం సున్నా శాతం దగ్గరే ఆగిపోతున్నవారికి గాజిమ్ అనే చాట్ ప్రోగ్రామ్‌ను నిస్సంకోచంగా సూచించవచ్చు. పాత పద్ధతిలో ఫైలు అందాలంటే అవతలి కంప్యూటరు నేరుగా మన కంప్యూటరుకు కనెక్ట్ కావాలి. బయటి నుంచి వచ్చే అలాంటి కనెక్షన్‌ను, నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ సాధారణంగా గడప దాటనివ్వదు. గాజిమ్ ఫైలును సర్వర్‌కు అప్‌లోడ్ చేసి, అవతలివారికి లింకు పంపగలదు కనుక, ఆ అప్‌లోడ్ 443 పోర్టు (సురక్షిత వెబ్ పేజీలు వచ్చే ద్వారం) మీదుగా సాగేటప్పుడు వెబ్ పేజీలు తెరుచుకునే చోట ఇదీ దాదాపుగా పనిచేస్తుంది. సర్వర్ 5443 వంటి వేరే పోర్టును వాడితే మాత్రం ఫైర్‌వాల్ దాన్ని ఆపేసి, కథ మళ్లీ మొదటికి రావచ్చు. ఫైలు ఆగినప్పుడు ముందుగా ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పంపి చూడాలి: అది వెళ్లిందంటే ఫైర్‌వాల్‌ను అనుమానించడం మాని, సర్వర్ విధించిన పరిమాణ పరిమితిని చూసుకోవాలి. సెట్టింగుల అమరిక, నిజం చెప్పాలంటే, కొత్తవారికి కొంత చిక్కుముడే.